ఎర్త్ లేని పాత ఇల్లు: ముందు గుంట తీయాలా, ఆర్‌సీసీబీ పెడితే చాలా?

పాతిల్లు_తెనాలి
1990ల్లో కట్టిన డాబా ఇల్లు. బోర్డుల్లో సాకెట్లు మూడు పిన్నులవే గానీ, పైనున్న పెద్ద రంధ్రానికి వైరు లేదు. మీటరు దగ్గర కిట్‌క్యాట్ ఫ్యూజులు. గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నడుస్తున్నాయి. ఒక ఎలక్ట్రీషియన్ 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (ఫేజులో వెళ్లే కరెంటుకి, న్యూట్రల్‌లో తిరిగొచ్చేదానికి తేడా వస్తే లైను కట్ చేసే స్విచ్) పెట్టేస్తే ఎర్త్‌తో పనే లేదంటున్నాడు. ఇంకొకాయన ఆర్‌సీసీబీ దండగ, గుంట తీసి ఎర్త్ వేస్తే చాలంటున్నాడు. మూడో ఆయనైతే సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి లింకు కొట్టేద్దాం, పైసా ఖర్చుండదంటున్నాడు. ఈ నెలకి ఏదో ఒక్కటే చేయించగలం. ఏది ముందు?

లీకేజీ_లెక్కలు
ఆర్‌సీసీబీయే ముందు. గుంట బాగా తీసి ఇంటి ఎర్త్ 5 ఓమ్‌లకి తెచ్చారనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ ఇంకో 2 ఓమ్‌లు. గీజర్ బాడీకి ఫేజ్ తగిలితే పారేది 230 ÷ 7, అంటే దాదాపు 33 ఆంప్‌లు. 16 ఆంప్ సి-కర్వ్ రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయి లైను ఆపే స్విచ్) వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంప్‌లు కావాలి. 33 ఆంప్‌లకి అది లోపల వేడెక్కి, తీరిగ్గా పడుతుంది. నిమిషం పట్టినా ఆశ్చర్యం లేదు. కిట్‌క్యాట్‌లో ఎవరైనా మందపాటి తీగ చుట్టి ఉంటే అసలే పోదు. అంతసేపూ గీజర్ బాడీ మీద ఉండేది 33 × 5, సుమారు 165 వోల్టులు. ఎర్త్ ఉందన్న ధీమాతో ముట్టుకునేవాడికి తగిలేది అదే.

అదే ఆర్‌సీసీబీ ఉంటే, 100 ఓమ్‌ల నాసి ఎర్త్ అయినా 2 ఆంప్‌లకు పైగా పారుతుంది. 30 మిల్లీ ఆంప్‌లకే పడేదానికి అది బోలెడు.

వైర్‌మ్యాన్_వరంగల్
లెక్క కరెక్టే అన్నా. కానీ నువ్వు చెప్పిన ఆ 100 ఓమ్‌లు కూడా ఈ ఇంట్ల లేవు కదా. ఎర్తే లేనప్పుడు లీకైన కరెంటు ఎటు పోతది? పోయే దారి లేదు గనక ఫేజుకి, న్యూట్రల్‌కి తేడా రాదు, ఆర్‌సీసీబీ పడదు. గీజర్ బాడీ 230 తోటి అట్లనే ఊకుంటది. ఎవరో తడి చేత్తో ముట్టినంక, వాళ్ల ఒంట్లకెల్లి పారినంకనే అది ట్రిప్ అయితది. అంటే మనిషే టెస్ట్ బల్బు అన్నట్టు. పాత ఇండ్లల్ల జీఐ (జింకు పూత ఇనుము) నీళ్ల పైపులే ఎంతో కొంత ఎర్త్ లెక్క పనిచేసేటివి. సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేసినంక ఆ దారి కూడా పాయె. ఎండాకాలం ఇనుప బాడీ కూలర్లు ప్రాణం తీసేది ఇట్లనే: రెండు పిన్నుల ప్లగ్గు, కింద నీళ్లు, చెప్పుల్లేని కాళ్లు. ఎర్త్ వైరు కూడా ఉంటే ఆర్‌సీసీబీ లీకైన క్షణమే పడుతది, ఎవరూ ముట్టకముందే.

లీకేజీ_లెక్కలు
మనిషి ద్వారా పడినా ప్రాణం నిలబెడుతుంది కదా బ్రదర్. తడి ఒంటికి 1000 ఓమ్‌లు వేసుకుంటే 230 మిల్లీ ఆంప్‌లు. రేటింగుకి అయిదు రెట్లు, అంటే 150 దాటితే 40 మిల్లీ సెకన్లలో కట్ అవ్వాలి. సరిగ్గా 30 దగ్గరైతే 300 మిల్లీ సెకన్ల దాకా టైముంది. గంటలో బిగించగలిగే సామాను అది. గుంట, ప్రతి సాకెట్‌కీ పచ్చ వైరు (ఎర్త్ వైరు) అంటే పాత ఇంట్లో వారం పని.

కిలోవాట్_కాకినాడ
లెక్కలు గారూ, ఒక్క సవరణ. షాక్ ఎంత గట్టిగా కొడుతుందో ఆర్‌సీసీబీ తగ్గించలేదు, ఎంతసేపు కొడుతుందో మాత్రమే తగ్గిస్తుంది. స్టూలెక్కి ఉన్నవాడు కిందపడటానికి ఆ 40 మిల్లీ సెకన్లు చాలు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడాయే తెలియదు, మనిషిని బల్బు అనుకుంటుంది. ఓవర్‌లోడ్‌కీ పడదు, కాబట్టి కిట్‌క్యాట్లు తీసేసి ఎంసీబీలు పెట్టక తప్పదు. కొనేటప్పుడు ఎలక్ట్రోమెకానికల్ రకం అని అడగండి. ఎలక్ట్రానిక్ రకానికి న్యూట్రల్ తెగితే ప్రాణం ఉండదు, ఫేజు మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. ముందువైపు అచ్చేసిన బొమ్మ కూడా చూడండి. డబ్బాలో ఒక్క అల మాత్రమే ఉంటే ‘ఏసీ’ (AC) టైపు. అల కింద తెగిన గుట్టల్లాంటి గీత కూడా ఉంటే ‘ఏ’ (A) టైపు. ఇన్వర్టర్ ఏసీ, కొత్త వాషింగ్ మెషీన్ ఉన్న ఇంటికి ‘ఏ’ (A) టైపే కావాలి.

ఇక ఆ న్యూట్రల్ లింకు మాట. దాన్ని సలహా అనకూడదు, నేరం అనాలి. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిందనుకోండి: వెలుగుతున్న బల్బులోంచి ఫేజు వచ్చి, అదే లింకు మీదుగా ఫ్రిజ్ బాడీకెక్కుతుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ అక్కర్లేదు. లైన్ పని తర్వాత ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఇంకా సూటిగా, ప్లగ్గు పెట్టిన మరుక్షణం బాడీ 230. పైగా లీకైన కరెంటు న్యూట్రల్ గుండానే వెనక్కి పోతుంది కనుక ఆర్‌సీసీబీకి కనపడదు కూడా.

పాతిల్లు_తెనాలి
లింకు సంగతి వదిలేశాం. గుంట తీయిస్తే ఎలా ఉండాలి? ఫేజుకి, ఎర్త్‌కి మధ్య బల్బు వెలిగితే ఎర్త్ బాగున్నట్టేనా?

వైర్‌మ్యాన్_వరంగల్
40 ఎంఎం జీఐ పైపు, 2.5 మీటర్లు, గోడకి మీటరున్నర ఎడంగ. ఐఎస్ 3043 (ఎర్తింగ్ మీద మన దేశపు ప్రమాణం) అట్లనే చెప్తది. ఉప్పు, బొగ్గు పొరలు పాత పద్ధతి. మొదట్ల మంచిగనే ఉంటది గానీ ఆ ఉప్పే పైపుని తింటది, వానలకి కొట్టుకపోతది. బెంటోనైట్ మట్టి వేస్తే చెమ్మ పట్టుకుంటది, పైపుకి హాని లేదు. మా దిక్కు రెండు గడ్డపార దెబ్బలకే బండ తగులుతది, బోరు కొట్టాల్సిందే. మీ దిక్కు నల్లనేల అయితే ఎండాకాలం నెర్రెలిచ్చి పైపుని వదిలేస్తది, అప్పుడప్పుడు నీళ్లు పోయాలె. రాగి తీగని నేరుగ జీఐ పైపుకి చుట్టొద్దు, తడికి జింకు పోయి జాయింటు లూజైతది. టిన్ పూత లగ్గు, జీఐ బోల్టు వాడాలె.

లీకేజీ_లెక్కలు
బల్బు వెలగడం సాక్ష్యం కాదు, ఎంత తగ్గిందో కొలవాలి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకోండి, ఎల్ఈడీ పనికిరాదు. ఆర్‌సీసీబీకి ముందువైపు ఫేజు నుంచి ఎర్త్‌కి కలిపి, బల్బు కొసల దగ్గర వోల్టేజీ చూడండి. ఫేజు–న్యూట్రల్ 230 ఉండి, బల్బు దగ్గర 212 వస్తే, మధ్యలో పోయింది 18 వోల్టులు, కరెంటు 0.4 ఆంప్ కాబట్టి దారి మొత్తం 45 ఓమ్‌లు. దానికి ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేయాలి, ఎవరూ ఏదీ ముట్టకూడదు. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బే పచ్చ వైరు మొత్తానికీ ఫేజు ఎక్కిస్తుంది. ఇది ఎలక్ట్రీషియన్ పని, ఇంట్లోవాళ్లది కాదు.

45 వచ్చినా ఆర్‌సీసీబీకి చాలు. అందుకే మళ్లీ అంటున్నా, అదే ముందు.

వైర్‌మ్యాన్_వరంగల్
నేను ఒప్పుకోను. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కే ఇల్లు ఎన్నున్నయ్? నొక్కక నొక్కక లోపల మెకానిజం పట్టేస్తది. పైగా ఆ బటన్ లోపలి రెసిస్టర్‌తోటే ట్రిప్ చేస్తది, ఎర్త్ ఉన్నదో లేదో దానికి తెల్వదు. ముందు గీజర్‌కి, ఫ్రిజ్‌కి, వాషింగ్ మెషీన్‌కి 2.5 చదరపు ఎంఎం పచ్చ వైరు కేసింగ్ క్యాపింగ్‌ల (గోడ మీద బిగించే మూత పట్టీల) గుంజి పైపుకి కలపండి. గోడలు పగలగొట్టుడు లేదు, వారం పట్టదు.

కిలోవాట్_కాకినాడ
డబ్బు ఒక్కదానికే ఉంటే ఈ నెల టూ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే) 40 ఆంప్, 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ. వచ్చే నెల పైపు, ఆ మూడు పచ్చ వైర్లు. పైపు పడేదాకా స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకాకే గీజర్ నీళ్లు వాడాలి. పాత బోర్డుల్లో సింగిల్ పోల్ (ఒక్క తీగనే తెంపే) స్విచ్ పొరపాటున న్యూట్రల్ మీద ఉండొచ్చు, స్విచ్ ఒక్కటే నమ్మొద్దు.

పాతిల్లు_తెనాలి
ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ కూడా ఉంది. దానితో ఏమైనా పేచీ ఉందా?

కిలోవాట్_కాకినాడ
ఉంది. ఆర్‌సీసీబీ ఇన్వర్టర్‌కి ముందుంటే, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లైను మీదున్న వాటికి దాని రక్షణ ఉండదు. అటువైపు ఇంకోటి కావాలి. ఇన్వర్టర్ లైను న్యూట్రల్, మెయిన్ లైను న్యూట్రల్ ఆర్‌సీసీబీ దాటాక ఎక్కడో కలిసి ఉంటే లోడ్ వేసినప్పుడల్లా పడిపోతుంది. చాలామంది పీకి అవతల పారేసేది అందుకే, ఆర్‌సీసీబీ చెడి కాదు. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, ప్లగ్గులు, బల్బులు తీసేసి, ఆ రెండు న్యూట్రల్ తీగలూ విప్పి మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టించండి. బీప్ వస్తే ఎక్కడో కలిశాయన్నమాట. మొదట మెట్ల లైటు టూ-వే బోర్డు విప్పి చూడమనండి.