ఇంజన్ మౌంటింగులు బిగించే వరుస గురించి సలహా కావాలి

మా పాత మారుతి 800 కారుకు క్లచ్ ప్లేటు మార్చడానికి ఇంజన్‌ను గేర్‌బాక్సుతో సహా కిందికి దించి, పది రోజుల క్రితం తిరిగి ఎక్కించారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ కాబట్టి ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రమే నడిచేటప్పుడు) కొంత వణుకు సహజమేనని నాకు తెలుసు; కానీ ఇప్పుడు స్టీరింగు పట్టుకుంటే మోచేతి దాకా అదురుతోంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే తగ్గిపోతోంది, రివర్సు వేసినప్పుడు మాత్రం ముందు భాగంలో టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తోంది.

బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంజన్‌ను కారు చట్రానికి పట్టి ఉంచే మూడు రబ్బరు మౌంటింగుల్లో రెండు పూర్తిగా బిగించాక మూడో దాని బోల్టు రంధ్రం రూపాయి బిళ్ళ మందమంత పక్కకు ఉండటంతో, మెకానిక్ ఇనుప రాడ్డుతో ఇంజన్‌ను ఎత్తిపట్టి బోల్టును బలవంతంగా దూర్చాడు. అప్పుడే అడ్డుచెప్పవలసింది. ఆ రబ్బరు ఇప్పటికీ ఒకవైపుకు మెలితిరిగే కనిపిస్తోంది.

బోల్టులన్నీ సగం వదులు చేసి, ఇంజన్‌ను కాసేపు ఐడ్లింగ్‌లో నడిపి, అది తనంతట తాను కుదురుకున్నాక ఆపి బిగిస్తే సరిపోతుందా, లేక జాకీతో బరువు మోస్తూ మొదటినుంచీ అమర్చాలా? సైలెన్సర్ పైపును ముందే బిగించడం వల్ల ఇంజన్ ఒకవైపుకు లాగబడి ఉండవచ్చా? మెలితిరిగిన రబ్బరు ఒక్కటే మార్చాలా, మూడూ మార్చాలా? స్వయంగా ఈ పని చేసినవారు దయచేసి వివరించగలరు.