కుండీలో అరటి: చలికాలం కిటికీ దగ్గరా, బేస్‌మెంట్‌లోనా?

నేపర్‌విల్_పెరడు
షికాగో శివారులో ఉంటాం. 15 గ్యాలన్ల కుండీలో డ్వార్ఫ్ కావెండిష్, అంటే మన పొట్టి పచ్చ అరటి. ఐదడుగుల ఎత్తు, తొమ్మిది ఆకులు, మొదలు దగ్గర మూడు పిలకలు. రాత్రిళ్ళు 52కి దిగుతున్నాయి (డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్). దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది, కానీ సరిగ్గా దాని కిందే హీటర్ వెంట్. బేస్‌మెంట్ చీకటి, 64 దగ్గర ఉంటుంది. గరాజ్‌లో హీటింగ్ లేదు. పోయినేడు కిటికీ దగ్గర పెట్టి వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తే, జనవరికల్లా ఆకులు పసుపెక్కి వాలిపోయాయి, వాటి వెనక సన్నటి దారాలు కనిపించాయి. ఈసారి ఎక్కడ పెట్టమంటారు?

కోనసీమ_కుండీ
ఇంకో రెండు రోజుల్లో లోపలికి తెచ్చేయండి. 57 దాటి కిందికి వస్తే అరటి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, 50 లోపు ఎక్కువ రోజులుంటే మొవ్వు (నడిమధ్య చుట్టగా ఉండే లేత ఆకు) లోపలే దెబ్బతిని తర్వాత వచ్చే ఆకు చిరిగి, ముడతలతో వస్తుంది. మంచు పడేదాకా ఆగనక్కర్లేదు.

మీ చెట్టుకి కిటికీయే సరైన చోటు. పోయినేడు దాన్ని చంపబోయింది చలి కాదండీ, నీళ్ళు. చలికాలం నెలకి ఒక్క ఆకు వేసే చెట్టుకి, జూలైలో వారానికో ఆకు వేసేటప్పటి నీళ్ళు పోస్తే వేళ్ళు ఏం చేసుకుంటాయి? తడి మట్టి, చల్లటి నేల, తక్కువ వెలుతురు కలిస్తే ముందు వేళ్ళు, తర్వాత దుంప కుళ్ళుతాయి. వేళ్ళు పోయిన చెట్టు ఆకులు వాలుస్తుంది, దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం.

లోపలికి తెచ్చే రోజు ఎదిగిన ఆకుల్లో పై నాలుగైదు, మొవ్వు ఉంచి మిగతావి కొయ్యండి. తొడిమ రెండంగుళాలు వదిలి కత్తితో కొయ్యాలి, లాగి చీల్చొద్దు. చిన్న పిలకలకి ఏమీ చెయ్యక్కర్లేదు. పాత బట్టలు వేసుకోండి, అరటి రసం మరక పడిందంటే ఇక పోదు.

కుండీని నేల మీద నేరుగా పెట్టొద్దు. రెండంగుళాల థర్మోకోల్ ముక్క మీదో, చెక్క స్టాండు మీదో పెట్టండి. ఆకు అద్దానికి తగలకూడదు, తగిలిన చోట నల్లబడుతుంది. వెంట్ మీద గాలిని పక్కకి మళ్ళించే ప్లాస్టిక్ డిఫ్లెక్టర్ పెట్టండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. డిసెంబరులో షికాగో పగలు తొమ్మిది గంటలే కాబట్టి, 40 వాట్ల ఎల్ఈడీ గ్రో లైటు ఆకులకి అడుగున్నర పైన, టైమర్ మీద 12 గంటలు వెలగనివ్వండి.

నీళ్ళకి వారాల లెక్క వద్దు. వేలు రెండు కణుపుల దాకా దించండి, పొడిగా తగిలితేనే పోయాలి. ఇంకా నమ్మకమైన పద్ధతి: బాగా తడిపి నీరు కారిపోయాక కుండీని ఒక పక్కకి వంచి ఆ బరువు గుర్తుపెట్టుకోండి, అది బాగా తేలికయ్యాకే మళ్ళీ. ఈ సైజు కుండీకి అది రెండు వారాలు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. గోరువెచ్చటి నీళ్ళు పోయండి, అరగంట తర్వాత కింద పళ్ళెంలో మిగిలింది పారబోయండి. మార్చి దాకా ఎరువు మాట ఎత్తొద్దు. వాడని ఎరువు ఉప్పుగా పేరుకుని ఆకు అంచులు మాడుస్తుంది.

మిన్నెసోటా_మట్టి
కిటికీ ఉంటే అదే మేలు, ఒప్పుకుంటాను. అది లేనివాళ్ళు కూడా ఈ ప్రశ్న చూస్తారు కాబట్టి చీకట్లో పడుకోబెట్టే సంగతి చెప్తాను.

64 డిగ్రీల చీకటి బేస్‌మెంట్ అన్నిటికన్నా చెడ్డ చోటు. నిద్రపోవడానికి వెచ్చన ఎక్కువ, ఎదగడానికి వెలుతురు లేదు. దుంపలో దాచుకున్న పిండి ఖర్చుపెట్టి పాలిపోయిన సన్నటి ఆకులు తోస్తుంది, ఫిబ్రవరికి దుంప ఖాళీ. కావెండిష్‌కి 50 నుంచి 55 ఉండే మూల కావాలి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌కి దూరంగా, బయటి గోడకి ఆనుకుని థర్మామీటర్ పెట్టి చూడండి. మూసి ఉంచే స్టోర్‌రూమ్‌లో చాలాసార్లు అంత చల్లదనం దొరుకుతుంది.

అక్కడ పెట్టేముందు పది రోజులు నీళ్ళు ఆపండి. మొవ్వు తప్ప ఆకులన్నీ తీసెయ్యండి. నెలకో గ్లాసు నీళ్ళు, అదీ దుంప ముడుచుకుపోకుండా. బయటి పొరలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతాయి, కంగారుపడొద్దు. బోదెని నొక్కితే గట్టిగా ఉండాలి, అంతే.

హీటింగ్ లేని గరాజ్ మాత్రం వద్దు. నేలలో ఉన్న దుంపకి చలి పైనుంచే వస్తుంది, కుండీలో దుంపకి నాలుగు వైపుల నుంచీ వస్తుంది. మట్టి గడ్డకట్టిందంటే దుంప చచ్చినట్టే. చలికి ఓర్చే జపాన్ అరటి, అదే మూసా బస్జూ, మందంగా ఆకుచెత్త కప్పితే నేలలోనే చలికాలం దాటుతుంది. దాని కాయ తినడానికి పనికిరాదు లెండి.

ఎడిసన్_ఆకు
ఆ దారాల గురించి ఎవరూ మాట్లాడలేదు. అవి ఎర్రనల్లివి, అంటే ఆకు రసం పీల్చే కంటికి సరిగా ఆనని పురుగువి. ఆకు వెనక తెల్ల కాగితం పెట్టి తట్టండి, పడిన చుక్కల్లో ఏవైనా కదిలితే అవే. హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడి, వాటికి అదే కావాలి.

లోపలికి తెచ్చేముందే ఆకుల రెండు వైపులా, తొడిమల సందుల్లో కూడా హోస్‌తో గట్టిగా కడగండి. కుండీ అడుగు రంధ్రాలు చూడండి, చీమల గూడు ఉండొచ్చు. ఇంట్లోకొచ్చాక వారానికోసారి తడిగుడ్డతో ఆకుల వెనక తుడవాలి. ఈ ఒక్క పని మానకపోతే మందు అవసరం చాలామటుకు పడదు. కనిపిస్తే లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల మెత్తటి ద్రవ సబ్బు కలిపి, లైటు ఆరిపోయాక, ముందు ఒక ఆకు మీద కొట్టి చూడండి. మాడకపోతే మిగతావాటికి. ఐదారు రోజులకోసారి మూడు సార్లు కొట్టాలి. మొదటిసారి గుడ్లు చావవు, వాటిలోంచి వచ్చిన పిల్లల కోసమే మిగతా రెండు.

కుండీలో వేసే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు గుళికలు కొనకండి. అది నల్లిని చంపదు, పైగా నల్లి పెరిగిన సందర్భాలున్నాయి. కాయ తినే చెట్టుకి అసలే వద్దు.

పొద్దున్నే ఆకు చివర నీటిబొట్టు వేలాడుతుంటే అది రోగం కాదు, వేరు తోసిన నీరు అలా బయటికొస్తుంది. చెక్క ఫ్లోర్ అయితే కింద ఏదైనా పరవండి.

నేపర్‌విల్_పెరడు
అందరికీ థాంక్స్. వెంట్ సంగతి ఇవాళే చూస్తాను. ఇంకో రెండు సందేహాలు. కిటికీ దగ్గర పైకప్పు ఎనిమిదడుగులే, చెట్టు తగిలితే పై నుంచి నరికెయ్యొచ్చా? బోదె ఎక్కడైనా మెత్తబడితే ఏం చెయ్యాలి?

కోనసీమ_కుండీ
ఎదిగే మొన దుంప దగ్గరే ఉంటుంది. బోదె అంటే ఆకుల అడుగులు ఒకదానికొకటి చుట్టుకున్న దొంతరే కాబట్టి చిన్న చెట్టుని సగానికి నరికినా నడిమధ్య చుట్ట మళ్ళీ లేస్తుంది, వెచ్చగా ఉంటే మర్నాటికే తేడా తెలుస్తుంది. కానీ మొదటి నుంచి వేసినవన్నీ లెక్కేస్తే 30 ఆకులు దాటిన చెట్టుని నరకొద్దు. ఆ వయసులో పూమొగ్గ బోదె లోపల పైకి ఎక్కుతూ ఉండొచ్చు. దాన్ని నరికితే ఆ చెట్టుకి గెల లేనట్టే, ఒక బోదె ఒక్కసారే గెల వేస్తుంది.

మెత్తబడితే, మెత్తటి చోటుకి రెండంగుళాలు కింద, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో అడ్డంగా కొయ్యండి. కోసిన ముఖం తెల్లగా, తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా కనిపించాలి. నడుమ గోధుమ చుక్క కనిపించినా, పులిసిన వాసనొచ్చినా ఇంకో రెండంగుళాలు దించండి. తెల్లగా వచ్చేదాకా అంతే. కోత ముఖం మీద దాల్చినచెక్క పొడి, మైనం ఏమీ పెట్టక్కర్లేదు, ఆరనిచ్చి నీళ్ళు ఆపండి. దుంప దాకా గోధుమగానే ఉంటే తల్లిని వదిలేసి, గట్టిగా ఉన్న పిలకని వేళ్ళతో సహా విడదీసి, సగం పెర్లైట్ (నీరు నిలవకుండా చేసే తేలికైన తెల్ల గుళికలు) కలిపిన మట్టితో ఒక గ్యాలన్ కుండీలో నాటండి.

మిన్నెసోటా_మట్టి
మే నెలలో బయటికి తెచ్చేటప్పుడు తొందరపడకండి. షికాగోలో మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది, రాత్రులు వరసగా 50 పైన నిలిచాకే. మొదటి వారం పూర్తి నీడ, రెండో వారం పొద్దుటి ఎండ. ఇంట్లో వేసిన ఆకులు ఎండకి తెల్లబడితే ఉండనివ్వండి, బయట పుట్టే కొత్త ఆకు రెండు మూడు వచ్చాక కోసెయ్యొచ్చు.