చెక్కభజన పాట పోయింది, పైగా జరిమానా! ఎవరికైనా ఇలా జరిగిందా?

చెక్కభజనోడు (అనంతపురం):
అన్నలూ అక్కలూ, మా నాయన బృందం చెక్కభజన పాటలు రెండు పోయిన ఎండాకాలం మా ఇంట్లోనే రికార్డు చేశాం. ఫ్యాన్ ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, 14 మంది చెమటలు కారుస్తూ పాడారు. మూడో టేక్‌లో పక్కింటి కుక్కర్ కూత పడింది, పాట అంత బాగా కుదిరాక మళ్ళీ పాడించబుద్ధి కాక అట్లే ఉంచేశా. ఏడాది చందా కట్టి ఒక డిస్ట్రిబ్యూటర్ (మన పాటల్ని యాప్‌లకు చేర్చే కంపెనీ) ద్వారా పాటల యాప్‌లన్నింటిలో పెట్టించా. రెండు నెలలకు 212 ప్లేలు. అప్పుడు ఇన్‌స్టాలో ఒకడు తగులుకున్నాడు, 1,500 రూపాయలిస్తే ప్లేలిస్టుల్లో వేయిస్తానని. ఇచ్చా. తెల్లారేసరికి ఒక పాటకు 6,000! నాయన ఊరంతా చెప్పుకున్నాడు. మూడు వారాలకు ఆ పాట మాయం, దొంగ ప్లేలు అని మెయిల్, నా ఖాతాలో జరిమానా. నాయనకు ఇంకా చెప్పలేదు. ఏం చేయాలప్పా?

కీబోర్డు కర్నూలు:
తమ్ముడూ, ఆ ప్లేలన్నీ బాట్లవి, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములవి, మనుషులవి కాదు. పాటల యాప్ స్పాటిఫై 2024 నుంచి ఒక పాటకు మరీ ఎక్కువగా దొంగ ప్లేలు కనబడితే డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తోంది, వాళ్ళు తెచ్చి మన నెత్తిన వేస్తారు. మెయిల్‌కి జవాబు రాయి, ఎవడికి డబ్బులిచ్చావో దాచకు. ఇంకో సంగతి, స్పాటిఫై వాళ్ళ సొంత ప్లేలిస్టుల్లో చోటు ఎవడూ అమ్మలేడు. పాట విడుదలకు కనీసం 7 రోజుల ముందు ఆర్టిస్టు ఖాతాలోంచి నువ్వే పంపుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తీసుకుంటారా అంటే అది మన చేతిలో లేదనుకో.

ర్యాప్ కడప:
అన్న చెప్పింది నిజమే కానీ తప్పంతా పిల్లోడిదే అన్నట్టు మాట్లాడొద్దు. అసలు ఆ 1,500 ఎందుకిచ్చాడు? స్పాటిఫైలో ఒక పాటకు 12 నెలల్లో 1,000 ప్లేలు దాటకపోతే రికార్డింగుకు రాయల్టీ లెక్కే కట్టరు, 2024 నుంచి ఇదే రూలు. దాటినా ఏమొస్తుంది? జనం కట్టే చందాలన్నీ ఒకే కుప్పలో పోసి మొత్తం ప్లేలను బట్టి పంచుతారు. మా మామ నెలంతా నా పాటలే విన్నా ఆయన డబ్బులో ఎక్కువ భాగం సినిమా పాటలకే పోతుంది. సౌండ్‌క్లౌడ్ అనే ఇంకో యాప్ 2021లో వేరే పద్ధతి పెట్టింది, ఎవరి డబ్బు వాళ్ళు విన్న పాటగాళ్ళకే. మిగతావాళ్ళకు ఏం రోగం?

పాటలక్క (ప్రొద్దుటూరు):
డబ్బు సంగతి అటుంచండి, నా పాట నాది కాదన్నారు! మా జేజి పాడే జోలపాటకు ఫోన్ యాప్‌లో ఫ్రీగా దొరికిన తబలా లూప్ (మళ్ళీ మళ్ళీ తిరిగే రెడీమేడ్ బిట్) కలిపి యూట్యూబ్‌లో పెట్టా. అదే లూప్ వాడినవాడెవడో తన పాటను కంటెంట్ ఐడీలో (ఒకరి పాట వేరేవాళ్ళ వీడియోల్లో ఉంటే పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు) వేసుకున్నాడు, అందులోది తన పాటేనని నా వీడియో మీద క్లెయిమ్ పడింది. కాదని డిస్ప్యూట్ వేస్తే జవాబివ్వడానికి అవతలివాడికి 30 రోజులు గడువు. నెలంతా టెన్షన్. చివరికి వదిలేశాడు. అప్పటి నుంచి తబలా మా తమ్ముడే వాయిస్తున్నాడు, తాళం తప్పినా సరే.

కీబోర్డు కర్నూలు:
అక్కా, మీరు సొంతంగా రాసి బాణీ కట్టినవి ఉంటే ఐపీఆర్ఎస్‌లో (పాట రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ రాయల్టీ వసూలు చేసే సంఘం) చేరండి. రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు వచ్చే వాటా వేరు, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగు వాటా. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని ఒక వాటా వదిలేసుకుంటున్నారు. జేజి పాటకు మాత్రం రచయితగా మీ పేరు వేసుకోకండి, సంప్రదాయ గీతం అని రాయండి.

చెక్కభజనోడు (అనంతపురం):
అంతా దాచకుండా రాశా. రెండో పాట ఉంచారు, తీసేసిన మొదటిది అదే ఐఎస్ఆర్సీ కోడ్‌తో (ఒక్కో రికార్డింగుకు ఇచ్చే గుర్తింపు నంబరు) మళ్ళీ ఎక్కించుకోమన్నారు, జరిమానా మాత్రం మాఫీ కాలేదు. పాత 212 ఎక్కడివని ఊర్లవారీగా చూస్తే 90 కువైట్‌వి, మా ఊరోళ్ళు అక్కడ డ్రైవర్లుగా ఉన్నారు. నిన్న రాత్రి నాయనకు చెప్పేశా. కాసేపు పలకలేదు, తర్వాత "కువైట్ వాళ్ళైనా నిజమేనా?" అని అడిగాడు.

పాటలక్క (ప్రొద్దుటూరు):
ఆ కుక్కర్ పాట లింక్ పెట్టు నాయనా, మా ఆయన కూడా కువైట్‌లోనే ఉన్నాడు, పంపిస్తా.