అప్‌డేట్: టెక్సాస్ తమ్ముడి రైఫిల్ సంగతి
టెక్సాస్‌లో ఉండే మా తమ్ముడికి, అక్కడ అడవి పందుల వేటకి, ట్రిగ్గర్ ఎంత బలంగా నొక్కితే పేలాలో మనమే సర్దుకునే రైఫిల్ ఏది మంచిదని ఇదివరకు అడిగాను కదా, వాడు సావేజ్ యాక్సిస్ టూ అనే రైఫిల్ కొన్నాడు. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి రేకు ఒకటి ఉంటుంది, వేలు దాన్ని కూడా నొక్కితేనే పేలుతుంది, కాబట్టి తేలిగ్గా పెట్టుకున్నా భయం తక్కువ. నొక్కాల్సిన బలాన్ని 2.5 పౌండ్ల దాకా తగ్గించొచ్చట, కానీ చలికి గ్లవ్స్ వేసుకుంటానని వీడు 4 దగ్గరే ఆపాడు, నాకైతే అదే నచ్చింది. సర్దాక గుళ్లు లేకుండా బోల్టు (గుండు ఎక్కించడానికి వెనక్కీ ముందుకీ లాగే భాగం) నాలుగైదుసార్లు గట్టిగా మూసి, ట్రిగ్గర్ నొక్కకుండా దానంతటదే పేలే పని జరగట్లేదని చూసుకున్నాడు.

ఇదంతా విని అచ్చంపేటలో మా బాపు మనకూ ఒకటి తెమ్మన్నాడు, పల్లి చేను పందులు తవ్వేస్తున్నాయి మరి. తుపాకీకి లైసెన్సు ఉన్నా 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా కొట్టొద్దు బాపూ అన్నాను.

"అయితే చేను చుట్టూ పాత చీరలు కట్టుడేనా?" అన్నాడు.