బ్రిటన్ బయటపడిందా, వైదొలగిందా?

నిన్న ఒక మిత్రుడు ఇక్కడ అడిగారు: "ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటపడాలని 51.9 శాతం మంది ఓటేశారు" అని రాస్తే తప్పేమిటని. వ్యాకరణపరంగా తప్పు లేదు. నేను మాత్రం ఆ 'బయటపడాలని' దగ్గరే ఆగిపోయాను.

మనం దేన్నుంచి బయటపడతాం? అప్పుల్లోంచి, జబ్బులోంచి, ఊబిలోంచి. స్నేహంలోంచి బయటపడ్డానని ఎవరైనా అంటే, ఆ స్నేహం వాళ్లను ఎంత పీడించిందో అనుకుంటాం. ఆ ఒక్క మాటతో సమాఖ్యలో ఉండటమే ఆపద అని మనమే తీర్పు చెప్పేసినట్టు. 'తప్పుకుంది' అంటే బాధ్యత వదిలేసిందన్న నింద తగులుతుంది. 'తెగదెంపులు చేసుకుంది' అసలే కుదరదు. 2020 జనవరి 31న వెళ్లిపోయాక కూడా ఆ ఏడాదంతా వాణిజ్య చర్చలు నడిచి, డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 'విడిపోయింది' కాస్త నయమే గానీ అందులో ఏదో దిగులుంది. నా ఓటు 'వైదొలగింది'కే. మెప్పూ లేదు, నిందా లేదు.

ఇంత పట్టింపు దేనికి అనకండి. అక్కడివాళ్లు బ్యాలెట్ మీద ప్రశ్న కోసమే ఎంత తర్జనభర్జన పడ్డారో చూడండి. 1975లో "ఐరోపా సముదాయంలో (సమాఖ్యకు పాత రూపం) ఉండాలని అనుకుంటున్నారా?" అన్న అర్థంలో అడిగారు, అవును/కాదు జవాబులతో. 67 శాతం అవునన్నారు. ఆ 51.9 శాతం వచ్చిన 2016 ఓటుకీ మొదట అలాంటి ప్రశ్నే రాసుకున్నారు. ప్రశ్నలో 'కొనసాగడం' ఒక్కటే కనిపిస్తే మొగ్గు అటే ఉంటుందని ఎన్నికల కమిషన్ 2015లో అభ్యంతరం చెప్పింది. అప్పుడు 'కొనసాగాలా, వైదొలగాలా' అన్నట్టు మార్చి, అవును/కాదు తీసేశారు. మన 'ఉండాలా వద్దా'లో ఆ రెండు వైపులూ ఎంత సహజంగా ఇమిడిపోయాయో! అదే 'ఉండాలి కదా?' అని అడిగి చూడండి, జవాబు మనమే నోట్లో పెట్టినట్టుంటుంది.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది 'ప్రజాభిప్రాయ సేకరణ'. 2016 జూన్ 23న మూడు కోట్ల ముప్పై లక్షల పైచిలుకు మంది వేసిన ఓటుకీ అదే మాట, వెయ్యి రెండు వేల మందిని ప్రశ్నించే సర్వేకీ అదే మాట. ఈ మధ్య సర్వేల్లో వైదొలగడం పొరపాటు అన్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఆ వార్తకు "ప్రజాభిప్రాయ సేకరణలో మారిన తీర్పు" అని శీర్షిక పెడితే, మళ్లీ ఓటింగ్ జరిగిందనే కదా చదివేవాళ్లు అనుకుంటారు? జరగలేదు. పైగా 'పొరపాటు చేశామా?' వేరు, 'మళ్లీ చేరాలా?' వేరు. మొదటిదానికి అవునన్నవాళ్లందరూ రెండోదానికీ అవునంటారన్న పూచీ లేదు.

'జనవాక్యంతు కర్తవ్యం' అన్న మాట మనకుంది. సర్వేలో ఉన్నది జనవాక్యం మాత్రమే. 2016 నాటి ఓటు కూడా చట్టం ప్రకారం సలహాయే గానీ, ఫలితాన్ని అమలు చేస్తామని ప్రభుత్వం ముందే మాటిచ్చింది. అందుకే అది కర్తవ్యమై కూర్చుంది. ఇంత తేడా ఉన్న రెండింటికీ ఒకే పేరెందుకు? సర్వేని సర్వే అనే రాద్దాం. రెండోదానికి 'జనవాక్య ఓటు' అనొచ్చేమో. అది కృతకంగా తోస్తే రెఫరెండం అనే ఉంచేద్దాం, చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ఆ మిత్రుడి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "2016 రెఫరెండంలో ఓటేసినవారిలో 51.9 శాతం మంది, బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలన్నారు."