అప్‌డేట్: రెండున్నరేళ్ల పాపతో హాలోవీన్ కాగితం బొమ్మలు

ప్లేస్కూల్లో అక్టోబర్ 31న హాలోవీన్ ఉంది, పాపతో కాగితం మడిచి ఏం చేయించొచ్చని పోయిన వారం అడిగాను కదా. చెప్పిన అందరికీ చాలా థాంక్స్. నిన్న ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే, పక్కింటి బాబుని కూడా కూర్చోబెట్టుకుని చేశాం.

అన్నిటికంటే పిల్లి ముఖం బాగా వచ్చింది. చదరంగా ఉన్న నల్ల కాగితాన్ని ఐమూలగా మడిస్తే త్రికోణం. మొన పైకి పెట్టి, దాన్ని కాస్త కిందికి వంచి, రెండు పక్క మూలల్నీ పైకి మడిస్తే చెవులు. వెనక్కి తిప్పితే పిల్లి! మడత నేను పట్టుకున్నాను, వేలితో రుద్దే పని పాపది. ఆ రుద్దడం ఎంత శ్రద్ధగా చేసిందో, చూస్తుంటే ముచ్చటేసింది.

గబ్బిలానికి విసనకర్ర మడతలు వేసి నడుమ దారం కట్టాం. మన వైజాగ్ తేమకి పల్చటి కాగితం మెత్తబడి మడతలు విచ్చుకున్నాయి. చార్ట్ పేపర్‌తో చేస్తే నిలిచింది.

అంటించే ప్లాస్టిక్ కళ్లు వద్దన్న అక్క మాట విన్నాను. మూడేళ్లలోపు పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. స్కెచ్ పెన్నుతోనే గీశాం. పాప పిల్లికి మూడు కళ్లు పెట్టింది, అలాగే ఉంచేశాను.