"నార్తెక్సు మోసేవాళ్లు చాలామంది, బాక్ఖోయ్ కొందరే": దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ప్లేటో రాసిన 'ఫీడో' సంభాషణలో సోక్రటీస్ ఈ పాత గ్రీకు మాటను గుర్తు చేస్తాడు. గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయోనైసస్‌ను ఇప్పటికీ కొలిచే పేగన్ బృందాల (క్రైస్తవానికి ముందటి దేవతలను ఆరాధించేవాళ్ల) మీద నేను రాస్తున్న వ్యాసంలో దీన్ని "కర్ర పట్టేవాళ్లు చాలామంది, భక్తులు కొందరే" అని తెలుగు చేశాను. సరిపోతుందా?

జవాబు: "భక్తులు" అంటే అసలు సంగతి జారిపోతుందండి. బాక్ఖోస్ అన్నది డయోనైసస్ పేరే. ఆయన ఉత్సవంలో ఒళ్లు మరిచి ఆడే మనిషినీ అదే పేరుతో పిలిచేవారు; బాక్ఖోయ్ దాని బహువచనం. మనవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో, రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడను జనం "అమ్మా" అనే అడుగుతారు. అడిగేది ఆవిడను కాదు, అమ్మవారిని. అందుకని ఇక్కడ "పూనకం" రావాలి.

"కర్ర" కూడా చప్పగా ఉంది. ఆ ఉత్సవాల్లో చేతపట్టే నార్తెక్సు మన ఇంగువ మొక్కకు దగ్గరి చుట్టం, మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. ఎండితే కాడ తేలిక, లోపలంతా బెండు. ఆ బెండుకు నిప్పంటిస్తే పైపట్ట అలాగే ఉండి లోపల మెల్లగా రగులుతుంది. గ్రీకు పురాణాల ప్రొమీథియస్ మనుషుల కోసం దేవతల నిప్పు దొంగిలించి తెచ్చింది ఈ కాడలోనే అని ప్రాచీన కవి హెసియడ్ చెప్పాడు. కాడ అందరి చేతిలోనూ ఉంది, లోపల నిప్పున్నది కొందరికే అని ఈ మాట వినగానే నాకు తోస్తుంది. "కాడ" అనే ఉంచండి.

ఇంకొకరు: "పూనకం" మరీ మోటుగా లేదా? ఇప్పటి పేగన్లలో చాలామంది చేసేది స్తోత్రం చదవడం, వైన్ ధార పోయడం, బార్లీ గింజలు చల్లడం. "పారవశ్యం" అంటే గౌరవంగా ఉంటుంది కదండీ.

జవాబు: మీరన్నది నిజమే, పాత ఆధారాలను పట్టుకుని నడిచేవాళ్ల పూజ అలాగే ప్రశాంతంగా సాగుతుంది. డప్పులతో, రాత్రి నాట్యాలతో ఆ స్థితిని కోరుకునే బృందాలు వేరే ఉన్నాయి. అక్కడ తమకు తెలిసినదానికి గ్రంథాల్లో ఆధారం లేకపోతే "యూపీజీ" (అన్‌వెరిఫైడ్ పర్సనల్ నోసిస్) అని విడిగా చెప్పుకుంటారు. అంటే నా సొంత అనుభవం, మీరు నమ్మాలని లేదు అని. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది.

కానీ "పారవశ్యం" ఇప్పుడు కచేరీ విన్నా వస్తోంది, దాని పదును పోయింది. పైగా పూనకానికి వచ్చే "దిగడం" దానికి లేదు. ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ 'బాక్ఖాయ్' నాటకం చివర చూడండి. అగావె, డయోనైసస్ పూనిన మైకంలో తానే చంపిన కన్నకొడుకు పెంథియస్ తలను పట్టుకుని, సింహాన్ని వేటాడానని మురిసిపోతూ వస్తుంది. తండ్రి కాడ్మస్ ఆమె మీద అరవడు. ముందు ఆకాశం వైపు చూడమంటాడు. ఇందాకటిలాగే ఉందా, మారిందా అని అడుగుతాడు. కాస్త తేటగా కనిపిస్తోందంటుంది. నిన్నిచ్చింది ఏ ఇంటికి, కొడుకు పేరేంటి అని ఒక్కొక్కటే అడుగుతూ, అప్పుడు చేతిలో ఉన్నది ఎవరి తలో చూడమంటాడు. పూనకం దింపడమంటే ఇదే! ఇప్పటి బృందాలూ దీన్ని తేలిగ్గా తీసుకోవు. పూజ అయ్యాక నేలను తాకడం, ఏదైనా తినడం, తాగడం చాలాచోట్ల పద్ధతిలో భాగమే. ఎక్కడం, దిగడం రెండూ ఉన్న మాట మనకు సిద్ధంగా ఉండగా వదులుకోవడం దేనికి?

నా అనువాదం ఇది: "కాడ పట్టేవాళ్లు ఎందరో, దేవుడు పూనేది కొందరికే."

ఒక్కటి మాత్రం వ్యాసంలో తప్పక చేర్చండి. ఆ మాట చెప్పిన వెంటనే సోక్రటీస్, ఆ కొందరూ సరైన దారిలో తత్వచింతన చేసినవాళ్లేనని తన భావం కలుపుతాడు. అది ఆయన ఇచ్చిన మలుపు. డయోనైసస్ దీక్షాపరుల మాటను, ఆయన వ్యాఖ్యను వేరువేరుగా చూపించకపోతే ఇప్పటి ఉపాసకులకు అన్యాయం జరుగుతుంది.